బీజరహస్యాన్వేషి ఆగస్ట్ వైస్‌మన్

తరతరాలుగా మన ఇళ్ళలో పిల్లలకు చెవులు కుట్టిస్తున్నాము. అయినా కుట్టిన చెవులతో పుట్టిన శిశువును మనమెవ్వరమూ చూడలేదు. ఎందుచేత? ఈ ప్రశ్నకు సమాధానం వెదకిన జర్మన్ శాస్త్రజ్ఞుని జీవితాన్ని ఈ ఉగాది సంచికలో సోదర సోదరీమణుల ముందుంచుతున్నాము.

ఆగస్ట్ వైస్‌మన్ 1834 జనవరి 17న ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో జన్మించారు. గెట్టింగెన్‌లో వైద్యశాస్త్రం చదివి, కొంతకాలం ఆ వృత్తి నెరపి, 1863లో ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించారు. సూక్ష్మదర్శినితో పురుగులను పరిశీలించడమంటే ఆయనకు ప్రాణం. మరుసటి సంవత్సరమే కంటిజబ్బు వచ్చి ఆ పనికి ఆటంకమైనది. తరువాత భార్య మేరీ గ్రంథాలు చదివి వినిపించగా, విని ఆలోచించేవారు.

తల్లిదండ్రులు బ్రతుకులో ఆర్జించిన లక్షణాలు బిడ్డలకు సంక్రమిస్తాయని ఆ రోజులలో చాలామంది నమ్మేవారు. దేహంలోని ప్రతి భాగంనుండీ జెమ్యూల్స్ అనే సూక్ష్మరేణువులు వెలువడి బీజకణాలలో చేరుతాయని డార్విన్ మహాశయుడు సైతం 1868లో ఊహించారు.

వైస్‌మన్ 1883లో ఆ నమ్మకాన్ని త్రోసిపుచ్చారు. దేహం వేరు, బీజద్రవ్యం వేరు. బీజద్రవ్యం ఒక తరంనుండి మరొక తరానికి సాగిపోతుంది. దేహం ఆర్జించినది అందులోకి ఎక్కదు. ఇదీ ఆయన సిద్ధాంతం. పరీక్షకై తెల్ల చుంచెలుకల తోకలు కోయించి, వాటి సంతతిని పెంచారు. తోకలు లేని ఐదు తరాల తల్లిదండ్రులకు 901 పిల్లలు పుట్టినవి. ఒక్కదాని తోకకూ లోపం లేదు!

1892లో వెలువరించిన గ్రంథంలో, బీజద్రవ్యం బయోఫోర్లు అనే అతిసూక్ష్మ జీవాంశాల కూర్పని ఆయన వివరించారు. వాటిని కంటితో చూచినవారు లేరు, అది ఊహయే. పిండం పెరిగేకొద్దీ ఈ అంశాలు వేర్వేరు కణాలకు పంపకమైపోతాయన్న ఆయన మాట తరువాత తప్పని తేలినది. కాని బీజకణాలు తయారయ్యేటప్పుడు వంశద్రవ్యం సగానికి తగ్గవలెనని 1887లో ఆయన చెప్పినది నిజమైనది. 1914 నవంబరు 5న ఫ్రైబుర్గ్‌లోనే వైస్‌మన్ కన్నుమూశారు.

తెలుగు మన రక్తంలోనే ఉన్నదని సభలలో మనం గర్వంగా చెప్పుకుంటాము. వైస్‌మన్ జీవితం చదివిన పిమ్మట మాకు ఆ మాట అనడానికి నోరు రావడం లేదు. తాతగారి ముక్కు, నాయనమ్మ రంగు మనవలకు వాటంతటవే వస్తాయి. వారు మాట్లాడిన భాష అట్లా రాదు. పొరుగు రాష్ట్రంలో పుట్టి, బడిలో వేరొక భాష చదువుకునే మన బిడ్డకు ఇంట్లో మనం చెప్పకుంటే మరెవ్వరు చెబుతారు? ఒక్క తరం ఊరకుంటే చాలు, తీగ తెగిపోతుంది. చెవులు కుట్టించినట్లే ఓనమాలు కూడా ప్రతి బిడ్డకూ మళ్ళీ మొదటినుండి దిద్దించవలసిందే. ఈ ఉగాదినాడే ఆ పలక చేతికిద్దాము.