శిల్పి కార్ల్ మిల్లెస్

స్వీడన్ శిల్పి కార్ల్ మిల్లెస్ 1875లో ఉప్సాలా చెంత లాగ్గాలో జన్మించెను. 1897లో పారిస్ చేరి, శవపేటికలు చేసి పొట్టపోసికొనుచు శిల్పవిద్య నభ్యసించెను. 1931లో అమెరికాకేగి, క్రాన్‌బ్రూక్ కళావిద్యాలయమున ఇరువది సంవత్సరములు బోధించెను. అయినను స్వదేశమును మరువలేదు. గ్రీకు పురాణములలో మృత్యులోకమును సైతము గానముతో కరగించిన ఆర్ఫియసునకు ఆతడు చేసిన కంచువిగ్రహము, 1936లో స్టాక్‌హోమ్ సంగీతశాల యెదుట జలయంత్రము నడుమ నెలకొనెను. చుట్టును ఎనిమిది మూర్తులు గానమాలకించుచున్నవి. అందొకటి చెవుడు సోకిన సంగీతవేత్త బీథోవెన్ పోలికలది. ఆ యెనిమిదింటి ప్రతులు క్రాన్‌బ్రూక్‌లోను గలవు. గాయకుడు మాత్రము అచట లేడు. 1951లో మిల్లెస్ మరలివచ్చి, 1936లోనే ప్రజలకొసగిన లిడింగోలోని తన గృహమున 1955లో దివంగతుడయ్యెను. దూరమున నుండియు కన్ననేల ఋణము తీర్చుకొనిన యీతని చరిత్రము, పరభాషల నడుమ మాతృభాష నుపాసించు మనకు ధైర్యమొసగుచున్నది.