సైకిల్‌పై ఎవరెస్టు చెంతకు.. వెనుదిరిగి గెలిచిన గోరన్ క్రోప్

స్వీడన్ నుంచి నేపాల్ వరకు సైకిల్ తొక్కి, ఆపై ఎవరెస్టును అధిరోహించిన సాహసి గోరన్ క్రోప్ వర్ధంతి సెప్టెంబరు 30. 1966 డిసెంబరు 11న జన్మించిన ఆయన, 1995 అక్టోబరు 16న స్టాక్‌హోం నుంచి ఒంటరిగా బయలుదేరారు. వంద కిలోలకు పైబడిన సామగ్రితో ఐరోపా, పశ్చిమాసియా దాటి, పాకిస్థాన్, భారత్‌ల మీదుగా సుమారు 13 వేల కిలోమీటర్లు ప్రయాణించి ఖాట్మండు చేరారు. షెర్పాల సాయం, ఆక్సిజన్ సిలిండర్లు లేకుండానే శిఖరం చేరాలన్నది ఆయన నియమం.

1996 మే 3న శిఖరం వంద మీటర్ల ఎత్తున మాత్రమే మిగిలి ఉంది. అయితే పొద్దు మించిపోయింది. చీకట్లో దిగడం ప్రాణాంతకమని గ్రహించి క్రోప్ వెనుదిరిగారు. వారం గడిచాక, మే 10, 11 తేదీల్లో చెలరేగిన మంచు తుపానుకు ఎనిమిది మంది పర్వతారోహకులు అసువులు బాశారు. వేళ మించినా పైకి సాగినవారు వారిలో ఉన్నారు. సహాయక చర్యల్లో తోడ్పడిన క్రోప్, మే 23న మళ్లీ ఎక్కి శిఖరంపై నిలిచారు. తిరుగు ప్రయాణంలోనూ కొంత దూరం సైకిల్ తొక్కారు.

2002లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో రాతి కొండ ఎక్కుతూ జారిపడి, 35 ఏళ్ల వయసులోనే కన్నుమూశారు. సుదూర యాత్రలకు సన్నద్ధమయ్యే యువత, ఆయన శిఖరారోహణతో పాటు ఆ వెనుకడుగునూ స్మరించుకోవాలి.