లారెన్స్ హార్‌గ్రేవ్

లారెన్స్ హార్‌గ్రేవ్ (జనవరి 29, 1850 - జూలై 6, 1915) ఆస్ట్రేలియాలో స్థిరపడిన ఆంగ్లేయ యంత్ర నిపుణుడు, విమానయాన పరిశోధకుడు. పెట్టె గాలిపటాన్ని రూపొందించిన వ్యక్తిగా ప్రసిద్ధుడు. మనిషిని మోసే విమానం రూపు దిద్దుకొనక ముందే ఇతడు చిన్న చిన్న నమూనా విమానాలను తయారు చేసి, రబ్బరు పట్టీలు, సంపీడన వాయువు, ఆవిరి మొదలైన వాటితో వాటిని నడపడానికి ప్రయత్నించాడు. తన ఆవిష్కరణలలో దేనికీ పేటెంటు తీసుకొనక, ఫలితాలన్నింటినీ లోకానికి ఉచితంగా వెల్లడించాడు.

బాల్యం, ఉద్యోగ జీవితం

హార్‌గ్రేవ్ ఇంగ్లండులోని గ్రీనిచ్‌లో జన్మించాడు. తండ్రి జాన్ ఫ్లెచర్ హార్‌గ్రేవ్ ముందుగా ఆస్ట్రేలియాకు వెళ్ళి, అనంతరం న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో న్యాయమూర్తి అయ్యాడు. లారెన్స్ 1865లో సిడ్నీ నగరంలో తండ్రిని చేరుకున్నాడు. విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో ఉత్తీర్ణుడు కాలేకపోవడంతో 1867లో ఒక నౌకా సంస్థ కర్మాగారంలో యంత్రవిద్య నేర్చుకోవడానికి చేరాడు. లోహాన్ని స్వయంగా మలచడంలో అక్కడ సంపాదించిన నైపుణ్యమే తరువాతి పరిశోధనలకు ఆధారమైంది.

1872లో న్యూ గినీకి బయలుదేరిన మారియా అనే ఓడ క్వీన్స్‌లాండ్ తీరం వద్ద పగడపు దిబ్బకు తగిలి మునిగిపోగా, పలువురు మరణించిన ఆ ప్రమాదం నుండి హార్‌గ్రేవ్ ప్రాణాలతో బయటపడ్డాడు. అయినా వెనుదీయక 1876లో ఇటలీ అన్వేషకుడు డి ఆల్బర్టిస్ వెంట న్యూ గినీలోని ఫ్లై నదిలో యంత్ర నిపుణుడుగా ప్రయాణించాడు. 1878లో మార్గరెట్ జాన్సన్‌ను వివాహమాడాడు. 1879 నుండి 1883 వరకు సిడ్నీ ఖగోళ పరిశోధనశాలలో సహాయకుడుగా పనిచేశాడు. కుటుంబ ఆస్తి వలన జీవనానికి లోటు లేకపోవడంతో 1883లో ఉద్యోగం విడిచి, విమానయాన పరిశోధనకే అంకితమయ్యాడు.

నమూనా విమానాలు, వాటి యంత్రాలు

గాలిలో ఎగిరే వాహనానికి యంత్రపు బరువే ప్రధానమైన అడ్డంకి. బరువు పెరిగిన కొద్దీ రెక్కల వైశాల్యం పెంచాలి. దానితో గాలి నిరోధం పెరిగి మరింత శక్తి గల యంత్రం కావలసివస్తుంది. ఆ యంత్రం మళ్ళీ బరువు పెంచుతుంది. ఈ చిక్కును తక్కువ ఖర్చుతో పరీక్షించడానికి హార్‌గ్రేవ్ నమూనాలను ఎంచుకున్నాడు. వీటిలో చాలావాటికి పైకెత్తడానికి కదలని రెక్క, ముందుకు నెట్టడానికి ముందు భాగాన ఆడే చిన్న రెక్కలు ఉండేవి. కొన్నింటికి మాత్రం తిరిగే పంకాను అమర్చాడు. ఈ రెండు పద్ధతుల సామర్థ్యంలో ఆయనకు పెద్ద తేడా కనిపించలేదు.

* రబ్బరు పట్టీలు: సాగదీసిన రబ్బరు తిరిగి ముడుచుకునేటప్పుడు విడుదలయ్యే శక్తితో రెక్కలు ఆడతాయి. ఇది తేలికైనది, చౌకైనది. అయితే మొదట ఎక్కువగా ఉండే బలం క్రమంగా క్షీణిస్తుంది. రబ్బరుతో నడిచిన ఒక నమూనా 270 అడుగుల దూరం ఎగిరింది.
* సంపీడన వాయువు: ఒత్తిడితో నింపిన గాలి కవాటం ద్వారా సిలిండరులోకి ప్రవేశించి పిస్టన్‌ను కదిలిస్తుంది. నిప్పు, బాయిలరు అవసరం లేదు. గాలిని నిలువ చేసే పొడవైన గొట్టాన్నే హార్‌గ్రేవ్ విమానానికి వెన్నెముకగా వాడి బరువు తగ్గించాడు. ఈ తరహా నమూనా ఒకటి 368 అడుగులు, అనగా సుమారు 112 మీటర్లు ఎగిరింది. గొట్టంలోని గాలి తరగగానే ప్రయాణం ముగుస్తుంది.
* ఆవిరి యంత్రం: ఇంధనం, నీరు ఉన్నంతసేపు నడుస్తుంది కనుక ఎక్కువ దూరానికి అనువైనదని హార్‌గ్రేవ్ భావించాడు. కాని బాయిలరు, పొయ్యి బరువును తగ్గించడం కష్టమైంది.

1889లో హార్‌గ్రేవ్ మూడు సిలిండర్ల భ్రమణ యంత్రాన్ని నిర్మించాడు. సంపీడన వాయువుతో పనిచేసే ఈ యంత్రంలో క్రాంక్ షాఫ్టు కదలకుండా నిలిచి ఉండగా, సిలిండర్లే పంకాతో కలిసి దాని చుట్టూ తిరుగుతాయి. తిరిగే సిలిండర్ల బరువే యంత్రపు వేగాన్ని నిలకడగా ఉంచుతుంది కనుక వేరుగా బరువైన చక్రం అమర్చనక్కరలేదు. 1908లో ఫ్రాన్సులో సెగ్విన్ సోదరులు తయారుచేసిన నోమ్ పెట్రోలు యంత్రంలోనూ ఇదే అమరిక కనిపిస్తుంది.

పెట్టె గాలిపటం

1893లో హార్‌గ్రేవ్ సిడ్నీకి దక్షిణాన సముద్రతీరంలోని స్టాన్‌వెల్ పార్కుకు మకాం మార్చాడు. అదే సంవత్సరం పెట్టె గాలిపటాన్ని రూపొందించాడు. రెండు చివరలు తెరచి ఉన్న గుడ్డ పెట్టెలను కొంత ఎడంతో కర్రలకు బిగించిన ఈ గాలిపటం తోక లేకుండానే గాలిలో స్థిరంగా నిలుస్తుంది. 1894 నవంబరు 12న నాలుగు గాలిపటాలను ఒకే తాడుకు కట్టి, వాటి సాయంతో హార్‌గ్రేవ్ నేల నుండి 16 అడుగుల ఎత్తుకు లేచాడు. అప్పుడు గాలి వేగం గంటకు 21 మైళ్ళు. మనిషి బరువును మోయగల స్థిరమైన ఆకృతి ఉన్నదని ఈ ప్రయోగం నిరూపించింది.

తగినంత తేలికైన యంత్రం మాత్రం ఆయనకు చేజిక్కలేదు. పెట్రోలు యంత్రంపై చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. 1903లో అమెరికాలో రైటు సోదరులు తమ సొంత పెట్రోలు యంత్రంతో మొదటిసారి ఎగిరారు. 1906లో పారిస్‌లో శాంటోస్ డ్యూమాంట్ నడిపిన విమానపు రెక్కలు పెట్టె గాలిపటం ఆకృతిలోనే ఉన్నాయి.

పేటెంట్లపై అభిప్రాయం

విమానయానం ఒక్కరి సొత్తు కారాదని, పరిశోధకులు రహస్యాలు దాచుకుంటే ప్రగతి ఆగిపోతుందని హార్‌గ్రేవ్ నమ్మకం. కొలతలు, చిత్రాలు, విఫలమైన ప్రయోగాల వివరాలతో సహా న్యూ సౌత్ వేల్స్ రాయల్ సొసైటీకి వ్యాసాలు సమర్పించాడు. అమెరికాకు చెందిన ఆక్టేవ్ షాన్యూట్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపాడు. 1894లో వెలువడిన తన గ్రంథంలో షాన్యూట్ ఈ నమూనాలను వివరంగా పరిచయం చేశాడు. ఈ ఉదారత వలన హార్‌గ్రేవ్‌కు ధనలాభం కలుగలేదు, స్వదేశంలో తగిన ఆదరణా దక్కలేదు. నమూనాలను ప్రదర్శనకు ఉంచే సంస్థ ఆస్ట్రేలియాలో దొరకక, 1910లో జర్మనీలోని మ్యూనిక్ మ్యూజియానికి వాటిని అందజేశాడు. రెండవ ప్రపంచయుద్ధపు బాంబు దాడులలో వాటిలో అధిక భాగం నాశనమైంది. మిగిలినవి తరువాత సిడ్నీకి తిరిగివచ్చాయి.

మరణం, స్మరణ

1915 మే నెలలో కుమారుడు జెఫ్రీ గల్లిపోలి యుద్ధంలో మరణించాడు. కొద్ది వారాలకే, ఉండుకం శస్త్రచికిత్స అనంతరం వ్యాధి ముదిరి, జూలై 6న హార్‌గ్రేవ్ సిడ్నీలో మరణించాడు. ఆయనను వేవర్లీ శ్మశానవాటికలో ఖననం చేశారు. 1966 నుండి 1994 వరకు ముద్రించిన ఆస్ట్రేలియా 20 డాలర్ల కాగితపు నోటుపై ఆయన చిత్రం ఉండేది. స్టాన్‌వెల్ పార్కు సమీపంలోని బాల్డ్ హిల్ కొండపై ఆయన స్మారక చిహ్నం ఉన్నది.