కాగితము కొరకు పుట్టిన చల్లదనము: విల్లిస్ క్యారియర్ జీవితము

క్యారియర్ అను మాట వినగానే మన విద్యార్థులకు మధ్యాహ్న భోజనపు డబ్బా స్ఫురించుట సహజము. కాని ఆ పేరు గల ఇంజనీరు ఒకరుండిరి. నేడు మన ఇండ్ల గోడలపై కనిపించు ఎయిర్ కండిషనరునకు మూలపురుషుడు ఆయనయే. ఆ యంత్రము మొదట మనుష్యుల సుఖమునకై పుట్టినది కాదు. కాగితమును కాపాడుటకై పుట్టినది. ఈ సంగతి మరచుటచేతనే మనము దానిని సరిగా వాడుకొనలేకపోవుచున్నామని మా అభిప్రాయము.

విల్లిస్ హావిలాండ్ క్యారియర్ 1876 నవంబరు 26న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రమున, అంగోలా అను చిన్న ఊరి వద్ద, వ్యవసాయ కుటుంబమున జన్మించినారు. బాల్యమున భిన్నముల లెక్కలు ఆయనకు కొరుకుడు పడలేదు. తల్లి ఆపిలు పండ్లు తెప్పించి, వాటిని అరలుగా, పావులుగా, అరపావులుగా కోయించి, కలుపుట, తీసివేయుట నేర్పినది. పెద్ద చిక్కును చిన్న ముక్కలుగా కోసి పరిశీలించు బుద్ధికి ఆ పండ్లే తొలి పాఠము. ఆయన పదునొకండవ ఏట ఆ తల్లి కన్నుమూసినది. కుటుంబమునకు ధనబలము లేదు. ఆయన విద్యార్థి వేతనముతోను, చిన్న చిన్న పనులతోను కార్నెల్ విశ్వవిద్యాలయమున చదివి, 1901లో ఇంజనీరింగు పట్టము పొందినారు. పిమ్మట బఫెలో ఫోర్జ్ కంపెనీలో వారమునకు 10 డాలర్ల జీతముపై చేరినారు.

మరుసటి సంవత్సరమే ఆయనకు ఒక పరీక్ష ఎదురైనది. బ్రూక్లిన్‌లోని సాకెట్-విల్‌హెల్మ్స్ శిలాముద్రణాలయమున రంగుల చిత్రములు అచ్చువేసెడివారు. ఒక్కొక్క రంగును విడివిడిగా ముద్రింపవలెను. వేసవి తేమకు కాగితము ఉబ్బుచు, ఆరినప్పుడు ముడుచుకొనుచు ఉండుటచే ఒక రంగుపై మరియొక రంగు సరిగా కూర్చుండలేదు. మన ఉర్దూ గ్రంథములు కూడ చిరకాలము శిలాముద్రణముననే వెలువడినవి గనుక ఈ బాధ మన కళాశాలవారికి దూరపు సంగతి కాదు. 1902 జూలై 17 నాటికి క్యారియర్ తన నమూనా చిత్రములను సిద్ధపరచినారు. చల్లని గొట్టముల మీదుగా గాలిని పోనిచ్చి, అందలి తేమను నీరుగా మార్చి తొలగించి, ముద్రణాలయపు గాలిలో తేమను 55 శాతము వద్ద నిలుపుట ఆ పథకము. అప్పటికి ఆయన వయస్సు 25 సంవత్సరములు మాత్రమే.

ఆ సంవత్సరముననే ఒకనాడు పిట్స్‌బర్గ్ రైల్వే ప్లాట్‌ఫారముపై బండికై నిరీక్షించుచుండగా ఆయనను దట్టమైన పొగమంచు క్రమ్మినది. చల్లని గాలిలో ఇముడు నీటి పరిమాణము స్వల్పమనియు, చల్లని నీటి తుంపరల నడుమ గాలిని నడిపినచో అందలి అధిక తేమ ఆ తుంపరలపైననే కూడుననియు ఆయనకు తోచినది. నీటితో గాలిని ఆరబెట్టుట! ఈ విధానమునకు 1906లో పేటెంటు లభించినది. ఉష్ణోగ్రతకును తేమకును గల సంబంధమును సూత్రబద్ధము చేసి 1911లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘమునకు సమర్పించినారు.

యుద్ధకాలమున కంపెనీ ఈ శాఖను వదలుకొనగా, 1915లో ఆయన మరి ఆరుగురు మిత్రులతో సొంత సంస్థను స్థాపించినారు. 1925లో న్యూయార్క్‌లోని రివోలీ సినిమాశాలను చల్లబరచినప్పుడు, ప్రేక్షకులు మొదట విసనకర్రలు ఊపుచునే కూర్చుండిరట. పిదప ఒక్కొక్కటిగా అవి ఒడిలోనికి దిగినవి. 1929 నాటి ఆర్థిక మాంద్యమును కూడ తట్టుకొని నిలిచిన ఆయన 1950 అక్టోబరు 7న మరణించినారు. బయట ఒక భాగము, గదిలో గోడపై ఒక భాగముగా రెండైన నేటి యంత్రమును ఆయన చూడలేదు. అది 1960ల దశకమున జపానులో రూపుదిద్దుకొన్నది.

ఇచట మా తప్పిదము నొకటి చెప్పుకొనక తప్పదు. మా ఇంటి యంత్రమును 18 డిగ్రీల వద్ద నిలిపి, వేసవి అంతయు దాని జల్లెడ ముఖము చూడకుంటిమి. నీరు పోవు గొట్టము పాచితో పూడుకొనగా, నీరు గోడ వెంట దిగి క్రిందనున్న అలమారలోని మా పుస్తకములను తడిపివేసినది. కాగితమును కాపాడుటకై పుట్టిన యంత్రము మా అశ్రద్ధవలన కాగితమునే చెరచినది.

క్యారియర్ బోధించినది చల్లదనము మాత్రమే కాదు. ఉష్ణోగ్రత, తేమ, ప్రసరణ, పరిశుభ్రత అను నాలుగింటి కొలత. యంత్రమును 24 డిగ్రీల వద్ద ఉంచి పంకా త్రిప్పుకొనుట మేలు. భారతదేశమున 2020 జనవరి నుండి కొత్త యంత్రములు ఆ అంకెతోనే మొదలగునట్లు నియమము వచ్చినది. వానకాలమున తేమ తీయు డ్రై మోడ్ చాలును. అదియే నాటి ముద్రణాలయపు పని. రెండు వారముల కొకసారి కరెంటు ఆపి, జల్లెడను మంచినీట కడిగి నీడన ఆరబెట్టవలెను. ఊదు, సాంబ్రాణి వేయు గదిలో ఇది మరింత అవసరము. నీటి గొట్టము వాలుగా ఉండవలెను. వేసవికి ముందు పనివానిచే లోపలి, బయటి భాగములను శుభ్రము చేయింపవలెను. గ్యాసు వాడుకలో ఖర్చగునది కాదు. తగ్గినచో ఎచటనో కారుచున్నదని అర్థము. కావున రంధ్రమును మూయింపక మరల నింపించుట వ్యర్థము. ఈ యంత్రము సాధారణముగా గదిలోని గాలినే త్రిప్పును గాని వెలుపలి గాలిని తీసికొనిరాదు. కనుక ఉదయము, సాయంత్రము కిటికీలు కొంతసేపు తెరచి ఉంచవలెను.

విద్యార్థులారా! యంత్రము వేడిని నశింపజేయదు. మన గదినుండి వీధిలోనికి నెట్టును. ఆ వీధిలో పంకా కూడ లేనివారు నడచుచున్నారు. కావలసినంతయే చల్లబరచుకొనుట పొదుపే కాదు, పొరుగువారి యెడల మన ధర్మము కూడ. కొలత యెరిగి జీవించిన ఆ ఇంజనీరునకు మనము చెల్లింపగల గౌరవము అదియే.