గంగాదేవి

రాజులు యుద్ధములు చేయుదురు. శాసనములు వారి బిరుదులను, దానములను చెప్పును. యుద్ధము జరిగిన నేల ఎట్లుండెనో, అచటి ప్రజలు ఏమైరో అవి అంతగా చెప్పవు. పదునాలుగవ శతాబ్దమున మధురపై జరిగిన దండయాత్ర విషయమున ఆ లోటును తీర్చినది ఒక స్త్రీ. ఆ దండయాత్ర నడపిన కంపరాయలకు ఆమె భార్య. పేరు గంగాదేవి.

కంపరాయలు విజయనగర రాజ్యమునేలిన మొదటి బుక్కరాయల కుమారుడు. తండ్రి ఆజ్ఞపై ఆయన సేనలతో దక్షిణమునకు తరలి, ముందుగా తొండైమండలమునేలు శంబువరాయని జయించెను. పిదప కంచిలో నిలిచి మధుర సుల్తానుపై కత్తి దూసెను. ఈ వృత్తాంతమునంతయు గంగాదేవి 'మధురావిజయము' అను సంస్కృత కావ్యముగా రచించెను. దీనికే వీరకంపరాయ చరితమనియు పేరు.

కావ్యారంభమున ఆమె వాల్మీకి, కాళిదాసులను, ఓరుగంటి కవియైన అగస్త్యుని, తన గురువైన విశ్వనాథుని స్తుతించెను. వారితోపాటు మన తిక్కనకును నమస్కరించెను. సంస్కృత కావ్యమున తెలుగు కవికి ఇట్టి గౌరవము దక్కుట అరుదు. అందుచేతనే ఆమె తెలుగింటి ఆడపడుచని పలువురు పండితులు తలంచిరి.

కావ్యమునకు ఆయువుపట్టు ఎనిమిదవ సర్గము. కంపరాయలు కంచిలో సుఖముగా నుండగా ఒక స్త్రీ ఆయన యెదుట నిలిచి దక్షిణదేశపు దుఃస్థితిని వర్ణించును. దేవాలయముల తలుపులు చెదలు తినివేసినవి. మృదంగము మ్రోగినచోట నక్కలు కూయుచున్నవి. కావేరి కట్టుదప్పి పారుచున్నది. ఇట్లు చెప్పి ఆమె పాండ్యుల ఖడ్గమును ఆయన చేతికిచ్చును. కావ్యము వ్రాసినది స్త్రీ. వీరుని యుద్ధమునకు పురికొల్పిన పాత్రయు స్త్రీయే. చదువరులు దీనిని సాధారణముగా గమనింపరు.

భార్య వ్రాసిన చరిత్రలో భర్తను గూర్చిన పొగడ్త కొంత యుండక తప్పదు. కాని ప్రజల బాధ కేవలము కల్పితము కాదు. కంపరాయలకు కొన్నియేండ్లు ముందు ఆ రాజ్యమునకు వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబన్ బతూతా, తానును ముస్లిమే యయ్యును, ఘియాసుద్దీన్ సుల్తాను స్త్రీలను, పసిపిల్లలను చంపించుటను తీవ్రముగా నిందించెను.

క్రీ. శ. 1371లో కంపరాయల సేనానియగు గోపన్న శ్రీరంగమున రంగనాథుని తిరిగి ప్రతిష్ఠించెను. ఆ విగ్రహము అంతకుముందు కొంతకాలము తిరుమలలో దాగియుండెనట. అచటి రంగనాయకుల మంటపము ఆ పేరనే వెలసినది. 1374లో కంపరాయలు తండ్రి బ్రతికియుండగనే మరణించెను. ఆయనకు సింహాసనము దక్కలేదు. కాలక్రమమున గంగాదేవి కావ్యమును మఱుగున పడిపోయెను.

అది ఐదువందల యేండ్లకు పైగా అట్లేయుండెను. 1916లో తిరువనంతపురమున పండితుడు రామస్వామిశాస్త్రి ఒక తాళపత్రసంపుటిని విప్పి చూడగా, సంబంధములేని రెండు గ్రంథముల నడుమ ఈ కావ్యము కనబడెను. అంతవరకు శాసనాదుల మూలమున తెలిసిన కంపరాయల జైత్రయాత్రను చరిత్రకారులు ఇప్పుడు వరుసగా కూర్చుకొనగలిగిరి. అయితే ఆ ప్రతి సమగ్రము కాదు. అక్కడక్కడ ఆకులు శిథిలమై పద్యములు లోపించినవి. తొమ్మిదవ సర్గమున సుల్తాను కూలిన పిదప కొలది పద్యములకే కావ్యము ఆగిపోవుచున్నది.