హెన్రియెట్టా లాక్స్: అడగకుండా తీసుకున్న దేహం

ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలల్లో హీలా కణాలు ఈ క్షణాన కూడా పెరుగుతున్నాయి. ఆ పేరులోని రెండక్షరాలు హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళవి. చాలాకాలం పుస్తకాలు ఆమెను హెలెన్ లేన్ అని తప్పుగా రాశాయి. అందుకే మనం ముందుగా ఆమె పూర్తి పేరు చెప్పుకుంటున్నాం.

1920 ఆగస్టు 1న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఆమె పుట్టారు. నాలుగేళ్లకే తల్లి పోయింది. తాత ఇంట పెరిగారు. ఆ చెక్క ఇల్లు ఒకప్పుడు బానిసలు బతికిన గుడిసె. చదువు ఆరో తరగతితో ఆగింది, పొగాకు చేలో చాకిరీ మిగిలింది. 1941లో డేవిడ్ లాక్స్‌ను పెళ్లాడారు. ఉక్కు ఫ్యాక్టరీలో పని వెతుక్కుంటూ కుటుంబం బాల్టిమోర్ దగ్గరికి వలసపోయింది. ఐదుగురు పిల్లలు.

1951 జనవరిలో రక్తస్రావంతో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ నల్లవాళ్లకు వేరే వార్డు. వెలివాడ తెలిసిన మనకు ఆ వార్డు గురించి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. చికిత్స చేస్తూ, ఆమెను అడగకుండానే కణితి ముక్క తీసి జార్జ్ గై ప్రయోగశాలకు పంపారు. అంతకుముందు అక్కడికొచ్చిన మనిషి కణాలన్నీ కొద్ది రోజుల్లోనే చచ్చిపోయేవి. ఈ కణాలు మాత్రం రోజుకు రెట్టింపయ్యాయి. అక్టోబర్ 4న, 31 ఏళ్లకే ఆమె కన్నుమూశారు. 2010 వరకు ఆమె సమాధికి రాయి కూడా లేదు.

1953 నుంచి టస్కెగీలో నల్లజాతి శాస్త్రవేత్తలు, సిబ్బంది పోలియో టీకా పరీక్షల కోసం ఈ కణాలను పెద్దఎత్తున పెంచారు. అదే టస్కెగీలో ప్రభుత్వ వైద్యులు వందలాది నల్లజాతి పురుషుల సిఫిలిస్‌కు చికిత్స ఇవ్వకుండా 1972 దాకా గమనిస్తూ కూర్చున్నారు.

కణాలు చాలావరకు ఏదో ఒకదానికి అంటుకునే పెరుగుతాయి. సీసా గోడ ఎంతో, దిగుబడీ అంతే. 1967లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త వాన్ వెజెల్ దీనికి దారి చూపారు. ఇసుక రేణువుల్లాంటి పూసలను పోషక ద్రవంలో వేసి మెల్లగా తిప్పితే, ప్రతి పూస మీదా కణాలు పొరలా పరుచుకుంటాయి. వీటినే మైక్రోక్యారియర్లు అంటారు. గ్రాము పూసలకు వేల చదరపు సెంటీమీటర్ల చోటు. నేడు టీకాల తయారీలో ఈ పద్ధతి వాడుతున్నారు. మనిషి కణాలను ఇంత విస్తారంగా పెంచవచ్చన్న నమ్మకం మొదట ఇచ్చింది హెన్రియెట్టా కణాలే.

కుటుంబానికి ఈ సంగతి తెలిసింది 1973లో. కణాల మీద వ్యాపారం సాగుతుంటే, ఆమె పిల్లలు వైద్య బీమాకు నోచుకోలేదు. 2013లో ఆమె జన్యు సమాచారాన్నీ అడగకుండానే బయటపెట్టారు. కుటుంబం నిలదీసింది. ఆ సమాచారం ఎవరికివ్వాలో నిర్ణయించే కమిటీలో చోటు సాధించింది. 2023లో ఒక పెద్ద కంపెనీ వారసులతో రాజీకి వచ్చింది.

ఆమె కణితిలో దొరికిన హెచ్‌పీవీ వైరస్‌కు తర్వాత టీకా వచ్చింది. 2009లో ఖమ్మం జిల్లాలో ఆ టీకాను వేలాది బాలికలకు వేశారు. వారిలో ఎందరో హాస్టళ్లలో చదివే ఆదివాసీ పిల్లలు. తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటరీ కమిటీ దాన్ని తప్పుపట్టింది.

మనం టీకాకు, సైన్సుకు వ్యతిరేకం కాదు. పోలియో నుంచి బయటపడిన పిల్లల్లో మన వాడల పిల్లలూ ఉన్నారు. మనం అడిగేది ఒక్కటే: మా దేహాన్ని ముట్టుకునే ముందు మా భాషలో, మాకు అర్థమయ్యేలా చెప్పండి. కాదనే హక్కు మాకుందని ఒప్పుకోండి. హెన్రియెట్టాకు దక్కనిది అదే.