జనరల్ సామ్ హ్యూస్టను

పదవిని సంపాదించినవారి చరిత్రలను మనము తఱచుగా చదువుచుందుము. పదవిని విడిచినవారి చరిత్రలు అరుదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో హ్యూస్టను దొర రెండు వేర్వేఱు రాష్ట్రములకు ప్రజలచే గవర్నరుగా నెన్నుకొనబడి, ఆ రెండు పదవులను గడువు తీరకమునుపే వదలుకొనెను. మొదటిమాఱు దుఃఖము వలనను, రెండవమాఱు మనస్సాక్షి వలనను అట్లు జరిగెను. ఈ రెంటికిని గల భేదము మా విద్యార్థులకు బోధకరముగా నుండునని తలచి, ఆయన జీవితమును సంగ్రహముగా నిచ్చట వ్రాయుచున్నాము.

హ్యూస్టను 1793వ సంవత్సరము మార్చి 2వ తేదీన వర్జీనియా రాష్ట్రమునందలి రాక్‌బ్రిడ్జి మండలమున జన్మించెను. తొమ్మండుగురు బిడ్డలలో ఆయన యైదవవాడు. తండ్రి మరణింపగా, తల్లి ఎలిజబెత్తు బిడ్డల నందఱిని వెంటబెట్టుకొని టెన్నెసీ అటవీప్రాంతమునకు వలసపోయెను. అచ్చట బాలుని అంగడిపనిలో నుంచిరి గాని, ఆ పని ఆయనకు రుచింపలేదు. పదునాఱవ యేట నిల్లు విడిచి, చెరొకీలను ఆదిమజాతివారి యొద్దకు పోయి, ఇంచుమించు మూడేండ్లు వారితో గలసి జీవించెను. వారి నాయకుడగు ఊలూటెకా ఆయనను పుత్రునిగా స్వీకరించి, తమ భాషలో బొంతకాకి యను నర్థమిచ్చు పేరు పెట్టెను. 1812లో హ్యూస్టను తన యప్పులను దీర్చుటకై తిరిగివచ్చి, చిన్న పాఠశాల నొకదానిని నడిపెను. పిమ్మట నెన్ని పదవులు వచ్చినను, ఉపాధ్యాయుడుగా నున్న దినములను ఆయన మఱవలేదు.

1813లో ఆయన సైన్యమున జేరెను. మఱుసటి సంవత్సరము మార్చి 27వ తేదీన క్రీకు జాతివారితో జరిగిన హార్సుషూ బెండు యుద్ధమున తొడలో బాణము నాటుకొనెను. దానిని పెఱికించుకొని మరల ముందునకు దుముకగా, భుజమున రెండు గుండ్లు తగిలెను. ఆ గాయము చనిపోవువఱకును పూర్తిగా మానలేదు. సేనాపతి యగు ఆండ్రూ జాక్సను ఈ యువకుని ధైర్యమును గుర్తించి, నాటినుండి ఆదరించుచు వచ్చెను. 1817లో హ్యూస్టను నాష్‌విల్లు పట్టణమున ఫ్రీమేసనుల సంఘమున జేరెను. రాతిపనివారి పనిముట్లను గుర్తులుగా గైకొని, సత్ప్రవర్తనమును పరస్పర సహాయమును నియమములుగా నేర్పఱచుకొనిన సోదర సంఘమిది. అటుపిమ్మట ఆయన న్యాయవాది యయ్యెను. 1821లో టెన్నెసీ మిలీషియాకు మేజరు జనరలుగా నెన్నుకొనబడెను. మిలీషియా యనగా ఆపద కలిగినప్పుడు పౌరులే ఆయుధములు ధరించి కూడుకొను దళము. 1823లో కాంగ్రెసు సభ్యత్వమును, 1827లో గవర్నరు పదవియు ఆయనకు లభించెను.

1829 జనవరిలో ఎలిజా ఆలెన్ అను కన్యను వివాహమాడెను. మూడు నెలలైన నిండకమునుపే ఆమె పుట్టింటికి వెడలిపోయెను. కారణమేమో హ్యూస్టను ఎవ్వరికిని చెప్పలేదు. లోకము నానావిధముల నిందించినను భార్యమీద నొక్క మాటయైన పడనీయలేదు. ఏప్రిలులో గవర్నరు పదవికి రాజీనామా నిచ్చి, ఆర్కన్సా ప్రాంతమునకు వలసపోయియున్న తన చెరొకీ తండ్రిని చేరుకొనెను. అచ్చట మద్యపానమునకు లోబడిపోయెను. తాగుబోతను నర్థము వచ్చు పేరుతో జనులు ఆయనను పిలువసాగిరి. అట్టి దశలోను, ఆదిమజాతుల వారికి చేరవలసిన ఆహారద్రవ్యములను గుత్తదారులు అపహరించుట చూచి సహింపలేక, వాషింగ్టను నగరమునకు బోయి వారి పక్షమున మొఱపెట్టెను.

1832 డిసెంబరులో ఆయన టెక్సాసున నడుగిడెను. అది యప్పుడు మెక్సికో దేశములోని భాగము. అచ్చటి వలసదారులు తిరుగబడి, 1836 మార్చి 2న, అనగా ఆయన నలువది మూడవ పుట్టినదినముననే, స్వాతంత్ర్యమును ప్రకటించి, ఆయనను సేనాధిపతిని చేసిరి. నాలుగు దినములకే అలామో కోట శత్రువుల చేజిక్కి, అందలి యోధులు హతులైరి. హ్యూస్టను తొందరపడక, తన కొద్దిపాటి సేనను వెనుకకు నడపించుచు, త్రోవలో శిక్షణ నిప్పించెను. పిఱికివాడని స్వజనులే నిందించిరి. ఏప్రిలు 21వ తేదీ అపరాహ్ణమున, సాన్ జసింటో యొద్ద శత్రువులు విశ్రమించియుండగా, సుమారు తొమ్మిదివందల మందితో వారిపై బడెను. పదునెనిమిది నిమిషములలో యుద్ధము ముగిసెను. కాని పాఱిపోవుచున్నవారిని గూడ సైనికులు వధించిరి. వారి క్రోధమును అధికారులు అణపలేకపోయిరి. హ్యూస్టనునకు చీలమండ పగిలెను. మఱునాడు మెక్సికో అధ్యక్షుడగు సాంతా అన్నా పట్టుబడగా, చంపుడని యందఱు కేకలు వేసిరి. హ్యూస్టను ఒప్పుకొనలేదు. మిగిలిన మెక్సికో సేనను వెనుకకు మరలించుటకు బ్రతికియున్న బందీ యాజ్ఞయే యుపకరించునని ఆయన గ్రహించెను, అట్లే జరిగెను.

తరువాత ఆయన టెక్సాసు గణరాజ్యమునకు రెండుమాఱులు అధ్యక్షుడయ్యెను. 1837 డిసెంబరు 20న, తన పేరనే వెలసిన హ్యూస్టను పట్టణమున, టెక్సాసు మేసనుల మహాసంఘమును స్థాపించిన సభకు అధ్యక్షత వహించెను. 1840లో మార్గరెట్టు లీ అను సాధ్విని వివాహమాడెను. ఆమె సాంగత్యమున మద్యపానమును మానెను. 1854లో బాప్తిస్మము పొందెను. 1845లో టెక్సాసు సంయుక్త రాష్ట్రములలో గలసిన పిదప, పదుమూడేండ్లు సెనేటరుగా నుండెను. ఆయనయు దాసులను గలిగియుండెను. ఈ కళంకమును మేము దాచజాలము. అయినను దాస్యము క్రొత్త ప్రాంతములకు వ్యాపించుటకు దారి దీసిన 1854 నాటి కాన్సాసు–నెబ్రాస్కా చట్టమునకు వ్యతిరేకముగా వోటు నిచ్చి, స్వరాష్ట్రీయుల యాగ్రహమునకు గుఱియయ్యెను.

1859లో టెక్సాసు ప్రజలు ఆయనను గవర్నరుగా నెన్నుకొనిరి. 1861లో ఆ రాష్ట్రము సంయుక్త రాష్ట్రములనుండి విడిపోవ నిశ్చయించి, అధికారులందఱును దక్షిణ రాష్ట్రముల నూతన ప్రభుత్వమునకు విధేయులమని ప్రమాణము చేయవలెనని శాసించెను. హ్యూస్టను ఆ రాత్రి నిద్రలేక మేడపై పచారు చేయుచుండి, తెల్లవాఱిన పిమ్మట తా నట్టి ప్రమాణము చేయనని భార్యకు దెలిపెను. మార్చి 16న సభలో ఆయన పేరు మూడుమాఱులు పిలువబడెను. ఆయన శాసనసభాభవనపు క్రింది యంతస్తున గూర్చుండి, చిన్న కఱ్ఱముక్కను చెక్కుకొనుచు మిన్నకుండెను. పదవి పోయెను. దానిని నిలుపుటకు సైన్యమును బంపుదునని లింకను కబురంపినను, స్వజనుల రక్తము చిందుట కియ్యకొనక నిరాకరించెను. యుద్ధము వచ్చిన దక్షిణము నశించునని ఆయన ముందే హెచ్చరించియుండెను. ఆయన జ్యేష్ఠపుత్రుడే దక్షిణ సైన్యమున జేరి, 1862లో షైలో యుద్ధమున గాయపడెను. 1863 జూలై 26న, ఆ యుద్ధమింకను జరుగుచుండగనే, హంట్స్‌విల్లు పట్టణమున హ్యూస్టను కన్నుమూసెను.

బాలురారా, మొదటిమాఱు పదవి విడిచినప్పుడు ఆయన తన్ను తానే కోల్పోయెను. రెండవమాఱు విడిచినప్పుడు వృద్ధుడు, గాయముల పాలైనవాడు, మిత్రులచే విడువబడినవాడు; అయినను ఆ రాత్రి తీసికొనిన నిర్ణయమునుండి తుదివఱకును చలింపలేదు. పదవి పోవుట వలన మనుష్యుడు చెడడనియు, దేనికొఱకు దానిని విడిచెనో యనుదానిని బట్టియే యాతని విలువ తేలుననియు ఈ చరిత్ర మనకు దెలుపుచున్నది.